స్టాప్‌వాచ్ పట్టిన క్యాషియర్ కె.వి. రెడ్డి

భద్రాచలం దాటి చింతూరు, కుంట, సుక్మా మీదుగా వెళ్తే జగదల్‌పూర్ వస్తుంది. అక్కడి నుంచి ఇంకా ఎగువకు పోతే నారాయణపూర్. దాని పక్కనే గఢ్‌బెంగాల్ అనే మురియా గోండుల ఊరు ఉంది. కాకతీయుల వంశం వాళ్లమని చెప్పుకున్న రాజులు ఏలిన బస్తర్ అది. 1950ల మధ్యలో ఆ ఊరికి స్వీడన్ నుంచి ఆర్నె సుక్స్‌డోర్ఫ్ అనే దర్శకుడు కెమెరాలతో దిగాడు. అంతకు ముందే ఒక చిన్న చిత్రానికి ఆస్కార్ అందుకున్న మనిషి. మురియాలతో, పులిపిల్లతో ఆడుకునే చెంద్రు అనే కుర్రాడితో అడవిలోనే ఒక పూర్తి నిడివి రంగుల సినిమా తీశాడు. రవిశంకర్ సంగీతం ఇచ్చాడు. ఇంగ్లిష్‌లో 'ద ఫ్లూట్ అండ్ ది యారో' పేరుతో వెళ్లిన ఆ సినిమా 1957లో విడుదలైంది.

అదే 1957లో, మార్చి 27న, మద్రాసులో తయారైన మరో అడవి తెలుగువాళ్ల ముందుకు వచ్చింది. సుభద్ర కొడుకుని వెంటబెట్టుకుని ఘటోత్కచుడి ఆశ్రమానికి వెళ్లే అడవి. 'మాయాబజార్'లోది. అందులోని చెట్లు, కొండలు స్టూడియో ఫ్లోరు మీద పుట్టినవే. ఆ అడవిలో ఎవరు ఎన్ని సెకన్లు నడవాలో, ఎక్కడ ఆగాలో సెట్టు వేయకముందే కాగితం మీద తేలిపోయింది. ఆ లెక్క తేల్చినవాడు కదిరి వెంకటరెడ్డి. తెలుగు సినిమాలో కాగితాన్ని అంతగా నమ్మిన దర్శకుడు ఆయనకు ముందు లేడు. ఆ తర్వాత కూడా చాలా తక్కువ మందే.

కె.వి. రెడ్డి 1912 జూలై 1న అనంతపురం జిల్లా తాడిపత్రిలో పుట్టారు. సినిమాల్లోకి నటన మోజుతోనో, నాటకాల అనుభవంతోనో వచ్చినవాడు కాదు. చిన్ననాటి స్నేహితుడు మూలా నారాయణస్వామి సినిమా వ్యాపారంలో ఉన్నారు. ఆ స్నేహమే ఆయన్ని మద్రాసు చేర్చింది. 1938లో రోహిణి వారు తీసిన 'గృహలక్ష్మి'కి ఆయన క్యాషియర్. తర్వాత బి.ఎన్. రెడ్డి వాహినీ సంస్థలో 'వందేమాతరం', 'సుమంగళి', 'దేవత' సినిమాలకు నిర్మాణ వ్యవహారాలు చూశారు. అంటే దర్శకుడి కుర్చీలో కూర్చునే ముందు కొన్నేళ్ల పాటు ఆయన చేసిన పని, సినిమా తీస్తుంటే డబ్బు ఎక్కడెక్కడ కారిపోతుందో కళ్లారా చూడటం.

ఈ క్యాషియర్ ఉద్యోగాన్ని ఆయన జీవితం రాసేవాళ్లు ఒక్క వాక్యంలో దాటేస్తుంటారు. నాకు మాత్రం ఆయన తర్వాత చేసినదంతా అక్కడి నుంచే మొదలైందనిపిస్తుంది. ఆ రోజుల్లో సినిమా ఖర్చులో కంటికి కనిపించకుండా హరించుకుపోయే సరుకు ముడి ఫిల్ము. సెకనుకు 24 ఫ్రేములు, అడుగుకు 16 ఫ్రేములు. నిమిషానికి 90 అడుగుల ఫిల్ము కెమెరాలోంచి పోతుంది. నటుడు మాట తడబడినా, లైటు మారినా, పక్కవాడు దగ్గినా ఆ అడుగులు తిరిగిరావు. పైగా ఆయన దర్శకుడైంది యుద్ధకాలంలో. ఫిల్ము విదేశాల నుంచి రావాలి. ప్రభుత్వం దాని మీద నియంత్రణ పెట్టి కథాచిత్రం నిడివిని 11,000 అడుగులకు కుదించింది. పాటలూ పద్యాలూ దండిగా ఉండే సినిమాలకు అలవాటుపడ్డ పరిశ్రమకు అది ఊపిరాడని పరిస్థితి. అడుగు అడుగుకీ లెక్క చెప్పాల్సిన కాలంలో, లెక్క తెలిసిన మనిషి దర్శకుడయ్యాడు.

మొదటి సినిమా 'భక్త పోతన'. చిత్తూరు నాగయ్య పోతనగా నటించిన ఆ చిత్రం ఘనవిజయం సాధించింది. వెంటనే నాలుగు సినిమాలు ఒప్పుకుని ఉండొచ్చు. కానీ మళ్లీ ఆయన పేరు తెర మీద కనిపించింది 1947లో, 'యోగి వేమన'తో. తర్వాత 1949లో 'గుణసుందరి కథ'. షేక్‌స్పియర్ కింగ్ లియర్‌ని తీసుకుని దాన్ని మన అమ్మమ్మల కథలా మార్చేశారు. అక్కడే మాటల రచయితగా పింగళి నాగేంద్రరావు ఆయనకు జతకలిశారు. కెమెరా మార్కస్ బార్‌ట్లే. ఈ ముగ్గురూ కలిసి పనిచేసిన తీరు చూస్తే, కె.వి. రెడ్డి సినిమాకీ సినిమాకీ మధ్య అన్నేళ్లు ఏం చేసేవారో అర్థమవుతుంది. స్క్రిప్టు రాయించేవారు. రాసినదాన్ని షాట్లుగా విడగొట్టేవారు. విడగొట్టినదాన్ని సెకన్లలో కొలిచేవారు.

ఇక్కడ కాస్త ఆగి, స్క్రిప్టు మీద గుర్తులు పెట్టడమంటే ఏమిటో చెప్పుకోవాలి. హాలీవుడ్‌లో దీనికి ప్రత్యేకంగా ఒక మనిషి ఉంటారు. దర్శకుడి పక్కనే స్క్రిప్టు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. ఒక సీను తీసేటప్పుడు కెమెరా ఒకచోట పెట్టి ఏ మాట దగ్గర మొదలుపెట్టి ఏ మాట దగ్గర ఆపారో, ఆ మేరకు కాగితం మీద పైనుంచి కిందికి ఒక నిలువు గీత గీస్తారు. కెమెరాని ఇంకో చోటికి మారిస్తే ఇంకో గీత. మాట్లాడేవాడి ముఖం కెమెరాకు కనిపిస్తుంటే గీత నిటారుగా ఉంటుంది. మాట వినిపిస్తూ మనిషి ఫ్రేములో లేకపోతే వంకరటింకరగా ఉంటుంది. గీత పైన షాటు నంబరు. ఎదుటి పేజీలో ఎన్ని టేకులు తీశారు, ఏది ఓకే, ఏది ఎందుకు పాడైంది, ఎన్ని సెకన్లు వచ్చింది, హీరో గ్లాసు ఏ చేత్తో పట్టుకున్నాడు అన్న వివరాలు. షూటింగ్ అయ్యాక ఆ కాగితాలు ఎడిటర్ బల్ల మీదికి వెళ్తాయి. ఏ మాటకు ఎన్ని కోణాలు చేతిలో ఉన్నాయో, దేనికి ఒక్కటీ లేదో గీతలు చూస్తే తెలిసిపోతుంది. మన దగ్గర ఈ పనికి విడిగా ఉద్యోగి ఉండేవాడు కాదు. కంటిన్యూటీ రాయడం, క్లాప్ కొట్టడం, ఆర్టిస్టుకు డైలాగు అందించడం అన్నీ అసిస్టెంట్ డైరెక్టర్ల నెత్తినే పడేవి. ఇప్పటికీ చాలా సినిమాలకు అంతే.

ఆ గీతలన్నీ జరిగిపోయినదానికి రాసుకునే ఖాతా. కె.వి. రెడ్డి చేసింది దానికి ముందుమెట్టు. జరగబోయేదానికి బడ్జెట్ వేసుకోవడం. ప్రతి సీను ఎంతసేపు నడవాలో షూటింగ్ మొదలవక ముందే తేల్చేవారు. మాటలు చదివించి, నడకలు నడిపించి, స్టాప్‌వాచ్ పట్టుకుని సమయం చూసేవారు. సెకన్లు తెలిస్తే అడుగులు తెలిసినట్టే. సీన్ల అడుగులు కూడితే సినిమా నిడివి తేలుతుంది. ఎక్కువైతే కాగితం మీదే కోత పడేది. కాగితం మీద కొట్టేసిన సీనుకు సెట్టు వేయక్కర్లేదు, కాస్ట్యూమ్ కుట్టక్కర్లేదు, నటుడి కాల్షీటు అక్కర్లేదు. తీసిన తర్వాత ఎడిటింగ్ గదిలో కోస్తే అవన్నీ దండగ ఖర్చు. క్యాషియర్‌గా చేసినవాడికి ఈ తేడా ఒకరు చెప్పాల్సిన పని లేదు.

'మాయాబజార్' దగ్గర ఈ పద్ధతి ఎంత అవసరమో చూడండి. తీసింది రెండు భాషల్లో. ఎన్టీఆర్, సావిత్రి, ఎస్వీఆర్ రెండింటిలోనూ ఉన్నారు. కానీ తెలుగులో అక్కినేని వేసిన అభిమన్యుడు తమిళంలో జెమినీ గణేశన్. రేలంగి స్థానంలో తంగవేలు. సి.ఎస్.ఆర్ వేసిన శకుని అక్కడ నంబియార్. సెట్టు అదే, నగలు అవే, ఎదురుగా ఉన్న మనిషి మాత్రం వేరు. ఒక భాషలో సావిత్రి ఎటు చూసి మాట్లాడిందో, రెండో భాషలో ఎదుటి నటుడి ఎత్తుకు తగ్గట్టు ఎటు చూడాలో ఎవరో ఒకరు రాసి పెట్టుకోకపోతే రెండు నెగటివ్‌లూ కలగాపులగం అవుతాయి. ఆ సినిమాకి అసిస్టెంట్లలో ఒకరు సింగీతం శ్రీనివాసరావు. గురువు స్టాప్‌వాచ్ గురించి, నిడివి లెక్కల గురించి లోకానికి ఎక్కువగా తెలిసింది ఆయన వల్లే.

దానికి తోడు మాయలు. ఘటోత్కచుడు శశిరేఖగా మారాలంటే ఎస్వీఆర్ నిలబడ్డ చోటే సావిత్రి నిలబడాలి, కెమెరా వెంట్రుకవాసి కదలకూడదు. మొదటి షాట్ చివరి అడుగులూ రెండో షాట్ మొదటి అడుగులూ ఒకదాని మీద ఒకటి పడాలి. ఎన్నో అడుగు దగ్గర మసకబారడం మొదలవ్వాలో ముందే తెలియకపోతే బార్‌ట్లే అయినా చేయగలిగేది ఏమీ లేదు. పడవ పాటలో వెన్నెల కూడా అలాంటిదే. నది మీద బయట తీసింది కొద్ది సెకన్లే. మిగిలిన వెన్నెలంతా బార్‌ట్లే స్టూడియోలో లైట్లతో కాయించినదే. ఆ రెండూ అతికిన చోటు ఇప్పటికీ ప్రేక్షకుడి కంటికి ఆనదు. ద్వారకా నగరాన్ని బొమ్మరిళ్లుగా కట్టి, వాటిలో దీపాలు పెట్టి తీశారు. గోఖలే, కళాధర్ కళా దర్శకులు. బొమ్మ నగరం మీద కెమెరా ఎంతసేపు తిరగొచ్చో దానికీ ఒక హద్దు ఉంటుంది. ఒక్క సెకను ఎక్కువైతే అది బొమ్మ అని తెలిసిపోతుంది.

కాగితం మీద ఆయన చేసిన అతిపెద్ద సాహసానికి మాత్రం స్టాప్‌వాచ్‌తో సంబంధం లేదు. 1936లో పి.వి. దాసు తీసిన ఈ కథనే ఆయన మళ్లీ ఎత్తుకున్నారు. మహాభారతం పాత్రలతో మూడు గంటల సినిమా, అందులో పాండవులు ఒక్కసారి కూడా కనిపించరు. వాళ్ల గురించి మాట్లాడుకోవడమే. ఈ విషయం ఎవరైనా చెప్పేదాకా చాలామందికి తట్టదు. అయిదుగురు నటులు, వాళ్ల కిరీటాలు, వాళ్ల జూదం, వాళ్ల అవమానం, అన్నీ స్క్రిప్టు దశలోనే పోయాయి. కథ శశిరేఖ పెళ్లి చుట్టూ బిగిసింది.

ఇప్పుడు బస్తర్ వైపు చూడాలి. సుక్స్‌డోర్ఫ్‌ది పూర్తిగా ఎదురు దారి. తనే కెమెరా పట్టేవాడు, తనే ఎడిటింగ్ చేసేవాడు. స్వీడన్ అడవుల్లో నక్కల్నీ నీటికుక్కల్నీ ఓపిగ్గా కాచుకుని తీసి పేరు తెచ్చుకున్నాడు. పులి ఎన్ని సెకన్లు నడుస్తుందో స్టాప్‌వాచ్ పెట్టి ముందే చెప్పలేరు. వాన ఎప్పుడు వెలుస్తుందో స్క్రిప్టులో రాసుకోలేరు. అక్కడ అడుగులకు లెక్క లేదు, ఓపికకే లెక్క. దొరికిందే షాట్. అలా దొరికిన షాట్లు ఈ రోజుకీ అబ్బురంగా ఉంటాయి.

కానీ ఆ దారికి అయ్యే ఖర్చు వేరే ఖాతాలో పడుతుంది. చెంద్రును స్వీడన్ తీసుకెళ్లారు. సుక్స్‌డోర్ఫ్ భార్య ఆస్ట్రిడ్ అతని గురించి బొమ్మల పుస్తకం వేస్తే అది దేశదేశాలు తిరిగింది. తర్వాత కుర్రాడు గఢ్‌బెంగాల్ తిరిగొచ్చాడు. సినిమా మళ్లీ అతని గడప తొక్కలేదు. పేదరికంలోనే ముసలివాడై 2013లో జగదల్‌పూర్ ఆసుపత్రిలో చనిపోయాడు. సుక్స్‌డోర్ఫ్ బ్రెజిల్ వెళ్లి అక్కడి యువ దర్శకులకు పాఠాలు చెప్పి, ఏళ్ల తరబడి అక్కడి అడవుల దగ్గరే ఉండి, 2001లో స్టాక్‌హోమ్‌లో కన్నుమూశాడు. స్టూడియో పద్ధతిలో సినిమా తీయడాన్ని జీవం లేని పనిగా చూసేవాళ్లు ఈ రెండో ఖాతాని కూడా చూడాలి. కె.వి. రెడ్డి కాగితంలో నటుడు ఎన్ని రోజులు రావాలో, ఎప్పుడు ఇంటికెళ్లాలో రాసి ఉండేది. ఆ పని ఎప్పటికి ముగుస్తుందో నటుడికీ తెలుసు.

ఈ పద్ధతికి ఆ రోజుల్లో ఎంత గిరాకీ ఉండేదంటే, అన్నపూర్ణా పిక్చర్స్ 1951లో ఏర్పడినా మొదటి సినిమా వచ్చింది 1955లో. దుక్కిపాటి మధుసూదనరావు తమ మొదటి సినిమాకు కె.వి. రెడ్డే కావాలని పట్టుబట్టి ఆయన కోసం ఆగారు. అదే 'దొంగరాముడు'. అంతకు ఏడాది ముందు వాహినీకి 'పెద్దమనుషులు' తీశారు. ఇబ్సెన్ నాటకం ఛాయల్లో, ఊరి పెద్దల దొంగతనాలను ఎండగట్టిన ఆ సినిమాకు రాష్ట్రపతి రజత పతకం వచ్చింది. నాటకాలు రాసుకుంటున్న డి.వి. నరసరాజును సినిమాకు తెచ్చింది ఆ సినిమాతోనే. జానపదం, పౌరాణికం, సాంఘికం మూడింటికీ అదే కొలబద్ద. 1951 నాటి 'పాతాళభైరవి' మరుసటి ఏడు దేశంలో జరిగిన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి దక్షిణాది నుంచి వెళ్లిన ఒకే ఒక్క సినిమా.

1961లో 'జగదేకవీరుని కథ'. అందులో ఒక పాటలో అయిదుగురు ఎన్టీఆర్‌లు ఒకే ఫ్రేములో కూర్చుని ఒకడు పాడుతుంటే ఇంకొకడు మృదంగం, ఇంకొకడు వీణ వాయిస్తుంటారు. ఇలాంటి షాట్ తీయాలంటే లెన్సులో ఒక భాగం మూసి కొంత తీసి, ఫిల్మును వెనక్కి తిప్పి, ఇంకో భాగం మూసి మళ్లీ తీయాలి. అయిదో ఎన్టీఆర్ దగ్గర తప్పు జరిగితే ముందు నలుగురి పనీ పోయినట్టే. ఏ తాళానికి ఏ చెయ్యి లేవాలో రాసి లేకపోతే ఈ పని ఊహించడం కూడా కష్టం. ఆ పాట చూస్తున్నప్పుడు ఘంటసాల గొంతే గుర్తుంటుంది, కాగితం ఎవరికీ గుర్తు రాదు. రాకూడదు కూడా.

1963లో సొంత జయంతీ పిక్చర్స్ మీద 'శ్రీకృష్ణార్జున యుద్ధం' ఆడింది. ఆ తర్వాత దశ తిరిగింది. 1965లో విజయా వారి 'సత్య హరిశ్చంద్ర' పోయింది. 1968లో 'ఉమాచండీగౌరీ శంకరుల కథ' పోయింది. అదే ఏడాది సొంతంగా తీసిన 'భాగ్యచక్రము' కూడా పోయింది. వరసగా మూడు. పింగళి మాటలు ఉన్నాయి, ఎన్టీఆర్ ఉన్నారు, స్టాప్‌వాచ్ ఉంది. అయినా జనం రాలేదు.

ఆయన పద్ధతే పాతబడిందని అనేవాళ్లున్నారు. నేను అలా అనుకోను. పద్ధతి ఒక పాత్ర. అందులో ఏం పోశారన్నది వేరే సంగతి. 'మాయాబజార్'లో పాండవుల్ని తీసేసేంత చొరవ చూపిన మనిషి, 'హరిశ్చంద్ర'కు వచ్చేసరికి అందరికీ తెలిసిన కథను అందరికీ తెలిసినట్టే చెప్పారు. స్టాప్‌వాచ్ ఒక సీను ఎంతసేపు నడుస్తుందో చెబుతుంది. ఆ సీను చూసేవాడికి ఎంతసేపు నడిచినట్టు అనిపిస్తుందో చెప్పదు. అది ఆయనకు మొదటి నుంచీ తెలుసు, లేకపోతే అంతకు ముందరి సినిమాలు రావు. చివరి రోజుల్లో ఆ రెండో కొలత ఎక్కడో తప్పింది.

పరిశ్రమ కూడా మారింది, అది వేరే కారణం. 'పాతాళభైరవి' నాటికి ఎన్టీఆర్ విజయా సంస్థలో నెలజీతగాడు. నటుడు రోజూ స్టూడియోకు వస్తాడు, రిహార్సల్ చేస్తాడు, కొలతకు నిలబడతాడు. ఏడాది పాటు స్క్రిప్టు మీద కూర్చునే దర్శకుడిని సంస్థ పోషించగలిగేది కూడా అందుకే. 1960ల చివరికి తారలు ఒకే రోజు రెండు మూడు సెట్ల మీద తిరుగుతున్నారు. రిహార్సల్‌కు రమ్మంటే కుదిరే కాలం కాదు. జీతాల స్టూడియో లేకపోతే స్టాప్‌వాచ్‌కు పని ఎక్కడుంది?

విజయా గడప దాటాక ఆయన్ని పిలిచి సినిమా ఇచ్చింది ఎన్టీఆరే. సొంత సంస్థలో 'శ్రీకృష్ణసత్య'. 1971లో వచ్చింది. కె.వి. రెడ్డి పద్నాలుగో సినిమా, ఆఖరిది. మూడు దశాబ్దాలకు పద్నాలుగు. ఇరవై ఏళ్ల కింద తన సెట్టు మీద నెలజీతానికి తోట రాముడిగా నిలబడ్డ కుర్రాడు ఇప్పుడు నిర్మాత, తను అతని సంస్థకు పనిచేసే దర్శకుడు. మరుసటి ఏడాది, 1972 సెప్టెంబర్ 15న, అరవై ఏళ్ల వయసులో ఆయన పోయారు.

ఆయన దగ్గర క్లాప్ కొట్టి కంటిన్యూటీ రాసిన సింగీతం 1987లో 'పుష్పకవిమానం' తీశారు. రెండు గంటల పైచిలుకు సినిమాలో ఒక్క మాట ఉండదు. మాటలుంటే వాటిని చదివించి సెకన్లు లెక్కవేయొచ్చు. మాటే లేని సీనుకు నిడివి కట్టాలంటే నడక, చూపు, తలుపు తెరవడం, ఐసుముక్క కరగడం, వీటినే కొలుచుకోవాలి. ఆ కొలత వాహినీ స్టూడియోలో నేర్చుకున్నదే.